ఫొటో అట్ట మీద "రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్" అని ఉంది. నిజంగా ఆయనే తీశారంటారా?

అమ్మమ్మ_మనవరాలు:

అందరికీ నమస్కారం. పాత ఫొటోల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని ఒక ఫ్రెండ్ చెబితే రాస్తున్నాను.

మా అమ్మమ్మకి తొంభై దాటాయి, ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. ఊళ్లో ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో ఒక ఫొటో దొరికింది. మందపాటి అట్టకి అతికించి ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే అట్టతో కలిపి ఎత్తు ఆరున్నర అంగుళాలు, వెడల్పు నాలుగుంపావు. షేర్వాణీ వేసుకుని, తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నారు. పక్కన ఏడెనిమిదేళ్ల బాబు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అట్ట కింది అంచున బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాల్లో రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్, ఆ పక్కన సికింద్రాబాద్, బొంబాయి అని ఉన్నాయి.

కూర్చున్నాయన మా అమ్మమ్మకి తాతగారు, నిజాం సర్కారులో మాల్‌గుజారీ కచేరీలో, అంటే భూమి శిస్తు ఆఫీసులో పనిచేశారట. ఆ బాబు అమ్మమ్మ వాళ్ల నాన్న. "నవాబు గారిని తీసిన చేత్తోనే మా తాతనీ తీశాడు" అని అమ్మమ్మ గొప్పగా చెబుతుంది. అది నిజమేనా? ఏ సంవత్సరం అయ్యుండొచ్చు? మామయ్య లామినేషన్ చేయిద్దాం అంటున్నాడు, మా తమ్ముడు యాప్‌లో వేసి రంగులు దిద్దుతానంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్. దీన్‌దయాళ్ గారి గురించి కూడా కాస్త చెప్పండి. నెట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

పాతకాగితం:

లామినేషన్ మాత్రం వద్దండీ, దండం పెడతాను. వేడికి ఫొటో పైపొర పాడవుతుంది, ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. తడిగుడ్డతో తుడవడం, సెలోటేపు, ఫెవికాల్ కూడా వద్దు. ముందు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. వెనకవైపు ఖాళీగా ఉన్నా సరే. మిగతాది మన కాజీపేట సార్ వచ్చి చెబుతారు, ఆయనకి ఇవన్నీ కొట్టిన పిండి.

కాజీపేట_స్టూడియో:

వచ్చాను. మొన్న మనవడి పుట్టినరోజు హడావుడిలో పడి ఇటు చూడలేదు.

అమ్మా, మీ అమ్మమ్మ గారి మాట సగం నిజం. ఆ మిగతా సగంలోనే ఆయన జీవితమంతా ఉంది, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకుని చదవండి. మా నాయనది ఫొటో స్టూడియో, ఆయన తర్వాత నాది. మా ఇంట్లో దీన్‌దయాళ్ పేరు దేవుడి పేరులాగా వినబడేది. ఆ భక్తి కొంచెం పక్కన పెట్టి చెప్పడానికి చూస్తాను.

ఆయనది హైదరాబాద్ కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో జైనుల ఇంట్లో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివారు. 1866లో ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో ఎస్టిమేట్లు వేసే, నక్షాలు గీసే ఉద్యోగంలో చేరారు. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో, అంటే ముప్పై ఏళ్ల వయసులో. ఇందోర్ ఏలే హోల్కర్ మహారాజు, అక్కడి ఇంగ్లీషు దొరలు మెచ్చుకున్నారు. 1880ల మొదట్లో లెపెల్ గ్రిఫిన్ అనే దొర వెంట బుందేల్‌ఖండ్ వైపు తిరిగి గుళ్లు, కోటలు తీశారు. అందులోంచి 86 ఫొటోలతో పెద్ద పుస్తకం వచ్చింది. ఇంత పేరు వస్తున్నా, కెమెరా పట్టాక పదేళ్ల దాకా ఆ సర్కారు ఉద్యోగం వదల్లేదు, చూడండి. చాలామంది ఈ సంగతి ఒక లైనులో దాటేస్తారు. నాకైతే ఆ మనిషి అక్కడే అర్థమవుతాడు. ఇద్దరు కొడుకులున్న ఇంటాయన నెల జీతం చూసుకునే అడుగేశాడు. మా నాయన కూడా రైల్వే ఉద్యోగం వదలడానికి ఇలాగే తాత్సారం చేశాడు, అది వేరే కథ.

1880ల మధ్యలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో చేరారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1894లో నిజాం "రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్" బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. నిజాం ఉర్దూలో ఒక షేర్, అంటే రెండు పాదాల కవిత కూడా చెప్పారు, ఉస్తాదులకే ఉస్తాదు అని అందులో మెచ్చుకున్నారు. 1896లో బొంబాయిలో ఇంకా పెద్ద స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి దగ్గర్నుంచి రాయల్ వారంట్, అంటే రాణి గారి ఫొటోగ్రాఫర్ అని చెప్పుకునే గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు మీ ఫొటో. అట్ట మీద "రాజా" ఉంది కాబట్టి 1894కి ముందుది కాదు. బొంబాయి కూడా ఉంది కాబట్టి 1896కి ముందుది అస్సలు కాదు. మీరు చెప్పిన కొలతని మేం క్యాబినెట్ సైజు అంటాం. ఆ రోజుల్లో ఇళ్లలో పెట్టుకునే ఫొటోలకి అదే మామూలు సైజు.

అప్పటికి దీన్‌దయాళ్ గారికి యాభై దాటాయి. ఒకవైపు నిజాం దర్బారు, వేటలు, వైస్రాయిల రాకపోకలు, ఇంకోవైపు బొంబాయి వ్యాపారం. సికింద్రాబాద్ స్టూడియో పని పెద్ద కొడుకు జ్ఞాన్‌చంద్ చూసుకునేవాడు. రెండోవాడు ధరమ్‌చంద్ కూడా కెమెరా పట్టినవాడే. వీళ్లు కాక జీతానికి పనిచేసే కెమెరా ఆపరేటర్లు, నెగటివ్ దిద్దే రీటచింగ్ వాళ్లు, ప్రింటింగ్ వాళ్లు ఉండేవాళ్లు. అందుకే నవాబు గారిని తీసిన చెయ్యీ, మీ ముత్తాత గారి నాన్నని తీసిన చెయ్యీ ఒకటే అని గ్యారంటీ ఇవ్వలేను. కానీ వెలుతురు ఎటు నుంచి రావాలి, ముఖం ఎంత తిప్పాలి, చేతులు ఎక్కడుండాలి అన్న పద్ధతి మాత్రం ఆయనదే. కొడుకుల్ని పక్కన నిలబెట్టుకుని నేర్పితేనే ఆ పద్ధతి అలా నిలబడుతుంది.

నెట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉందన్నారు కదా. 1905-06లో వేల్స్ యువరాజు వచ్చినప్పుడు దీన్‌దయాళ్ గారు వెంట ఉండి ఫొటోలు తీశారని చాలాచోట్ల రాస్తారు. ఆయన పోయింది 1905 జులైలో. యువరాజు బొంబాయిలో దిగింది నవంబర్‌లో. ఆ పని కంపెనీది, అంటే జ్ఞాన్‌చంద్ కాలంది. ధరమ్‌చంద్ అప్పటికే లేడు, తండ్రి కంటే ఏడాది ముందు 1904లో పోయాడు. చేతికందొచ్చిన కొడుకు పోయాక తండ్రి ఎన్నాళ్లో లేడు. బిరుదులన్నీ వరసపెట్టి రాసేవాళ్లు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడరు.

ఇక ఫొటోలో మీరు చూడాల్సినవి. భూతద్దం తీసుకోండి.

బాబు కాళ్ల వెనక నేల మీద ఇనప దిమ్మె లాంటిదేమైనా కనబడుతుందా? నిలబడ్డవాళ్లు కదలకుండా ఉండటానికి వెనకాల ఒక స్టాండు పెట్టేవారు. దాని పైకొసన కొక్కెం ఉంటుంది, తల వెనక మెడ దగ్గర ఆనుతుంది. మనిషి అడ్డం ఉంటాడు కాబట్టి స్టాండు కనబడదు, అడుగున దిమ్మె మాత్రం అప్పుడప్పుడు దొరికిపోతుంది. అప్పటికి ముందే మందు పూసి ఆరబెట్టిన డ్రై ప్లేట్లు వచ్చేశాయి, అప్పటికప్పుడు మందు పూసి తడిగా ఉండగానే తీసే తడి ప్లేటు రోజుల్లో లాగా ఎక్కువసేపు బిగబట్టి నిలబడక్కర్లేదు. అయినా అద్దాల కప్పు కింద, పగటి వెలుతురులో తీసే ఫొటో. పిల్లల్ని నమ్మడానికి లేదు. మోకాలి మీద చెయ్యి వేయించడం కూడా అందుకే. చూడ్డానికి ప్రేమగా ఉంటుంది, పిల్లాడు కదలకుండా కూడా ఉంటాడు. నేనూ అదే చేసేవాణ్ణి.

తర్వాత పెద్దాయన బుగ్గలు, నుదురు చూడండి. చర్మం మరీ నున్నగా, మైనం పూసినట్టు ఉంటే అది పెన్సిల్ పని. మా నాయన దగ్గర రీటచింగ్ బల్ల ఉండేది. ఏటవాలు చెక్క, మధ్యలో కిటికీలాంటి కంత, దానికి గరుకు అద్దం, అడుగున ఒక ముఖం చూసుకునే అద్దం. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఆ కింది అద్దం మీద పడి పైకొస్తుంది. నెగటివ్ ప్లేటుని ఆ కంత మీద పెట్టి, మందు ఉన్న వైపు మీడియం అనే జిగురు ద్రావకం చుక్క వేసి గుడ్డతో పల్చగా రుద్దేవాడు. అది లేకపోతే పెన్సిల్ జారిపోతుంది. గట్టి పెన్సిల్‌ని గరుకు కాగితం మీద తిప్పి తిప్పి సూది మొన చేసేవాడు. తల మీదుగా నల్లగుడ్డ కప్పుకుని ఇక మొదలు. గీతలు గీయడం కాదది. కామాల్లాంటి చిన్న చిన్న తాకుళ్లు, ఒకదాని పక్కన ఒకటి. నెగటివ్‌లో అంతా తలకిందులు కదా, ప్రింటులో నల్లగా వచ్చే ముడత అక్కడ తేటగా ఉంటుంది. ఆ తేట మీద పెన్సిల్ పడితే ప్రింటులో ముడత తేలిపోతుంది. ఆ రోజుల్లో అమ్మవారు పోసిన మచ్చలు లేని ముఖం అరుదు. వచ్చినవాళ్లు "మచ్చలు రాకుండా చూడండి" అని మెల్లగా చెప్పి వెళ్లేవాళ్లట. మరీ ఎక్కువ దిద్దితే మనిషి పోలికే పోతుంది, మా నాయన ముక్కు పక్క గీత మాత్రం ముట్టుకునేవాడు కాదు.

రంగులు దిద్దే తమ్ముడికి చెప్పండి, కాపీ మీద ఏమైనా చేసుకోమనండి. ఒరిజినల్ జోలికి రావద్దని.

లష్కర్_కుర్రాడు:

సార్, మంచి సమాచారం. కానీ నాదొక మాట. మన దగ్గర దీన్‌దయాళ్ అనగానే నవాబులు, వైస్రాయిలు, ఫలక్‌నుమా హాళ్లు. 1902లో వైస్రాయి కర్జన్ దొర, ఆయన భార్య చంపిన పులి వెనక నిలబడ్డ ఫొటో అందరూ షేర్ చేస్తారు. అంతా దర్బారు చాకిరీయే కదా? మామూలు జనం ఎక్కడున్నారు అందులో? "గొప్ప కుటుంబీకుడు" అని పొగడటం సరే, ఆ కెమెరా ఎవరి కోసం పనిచేసిందో కూడా చెప్పాలి కదా.

కాజీపేట_స్టూడియో:

తమ్ముడూ, కాదనను. డబ్బులిచ్చినవాళ్ల కోసమే పనిచేసింది. మా స్టూడియో కూడా అంతే, పెళ్లిళ్ల సీజన్ లేకపోతే పొయ్యిలో పిల్లి లేచేది కాదు. కాకపోతే 1900 ప్రాంతంలో నిజాం రాజ్యంలో కరువు వచ్చినప్పుడు సర్కారు చేసిన సాయం పనుల ఫొటోలు కూడా ఈ కంపెనీవే. అవీ సర్కారు గొప్ప చెప్పుకోవడానికి తీయించుకున్నవే, ఒప్పుకుంటా. అయినా ఆ ముఖాలు మనకి ఇవాళ కనబడుతున్నాయంటే ఆ ప్లేట్ల వల్లే. పులి ఫొటో నాకూ నచ్చదు. ఆ తివాచీలు, తుపాకులు, టోపీలు అన్నీ సర్దినట్టు ఉంటాయి, పులి ఒక్కటే సర్దుకోలేదు.

మామూలు జనం అన్నావు చూడు, ఈ అమ్మాయి ఫొటోలో ఉన్నది ఎవరు? కచేరీ ఉద్యోగి, ఆయన కొడుకు. నవాబు కాదు. సికింద్రాబాద్ స్టూడియోకి తలుపు తోసుకుని వెళ్లి, డబ్బు కట్టి, పిల్లాడితో కూర్చున్నాడు. ఇలాంటివి ఎన్ని ఇళ్ల ట్రంకుల్లో ఉన్నాయో. మ్యూజియంలో ఉండవు కాబట్టి ఎవరూ మాట్లాడరు.

అమ్మమ్మ_మనవరాలు:

సార్, చదువుతుంటే నోట మాట రాలేదు. భూతద్దంతో చూశాను. బాబు బూట్ల వెనక గుండ్రటి నల్ల దిమ్మె ఉంది! ఇన్నాళ్లూ అది నీడ అనుకున్నాం. తెల్లగా ఉండాల్సిన చోట పసుపుగా ఉంది, మిగతాదంతా ఊదా గోధుమ రంగు. పైన జుట్టులాంటి సన్నటి పగుళ్లు కూడా ఉన్నాయి.

ఇంకొకటి అడగాలనిపించింది. తాతగారు, కొడుకు ఉన్నారు సరే. ఆ బాబు వాళ్లమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు. అమ్మమ్మని అడిగితే "ఆడవాళ్లు ఎట్ల పోతరే అటువంటి కాడికి" అంది.

కాజీపేట_స్టూడియో:

పసుపు, సన్నటి పగుళ్లు అన్నారంటే అది గుడ్డు తెల్లసొన పూసిన కాగితం. ఆల్బుమెన్ ప్రింటు అంటారు. నెగటివ్ కింద ఆ కాగితం పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ దానంతటదే తేలుతుంది, తర్వాత బంగారం కలిసిన నీళ్లలో రంగు కుదిర్చి, బొమ్మ చెరగకుండా నిలిపే హైపో అనే మందునీళ్లలో వేసి కడిగేవాళ్లు. ఆ కాగితం పల్చన, ఊరికే చుట్టుకుపోతుంది, అందుకే అంత మందపు అట్టకి అతికించారు. అట్ట నుంచి ఫొటో ఊడదీయాలని ఎవరైనా అంటే ఇంట్లోకి రానివ్వకండి.

ఆడవాళ్ల గురించి మంచి ప్రశ్న వేశారు. దీన్‌దయాళ్ గారు 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం ప్రత్యేకం. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. లోపల పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే. మగవాడు తీసిన ఫొటో అంటే ఏ ఇంటి పెద్ద ఒప్పుకుంటాడు ఆ రోజుల్లో? ఈయన గుమ్మం బయటే ఉండిపోయి, పనంతా వాళ్లకే వదిలేశాడు. నిజం చెప్పాలంటే బిరుదులకంటే ఈ పనికే నేనాయనకి ఎక్కువ మార్కులేస్తాను. నలుగురు ఆడవాళ్లున్న ఇంట్లో తిరిగినవాడికే ఇలాంటి ఆలోచన వస్తుందని నా నమ్మకం. వ్యాపారం కూడా ఉందనుకోండి.

అది ఖర్చు పెట్టగలిగిన పెద్దింటి ఆడవాళ్లకి. మీ అమ్మమ్మ గారి నాయనమ్మ దాకా అది రాలేదు, అంతే.

పాతకాగితం:

దీని నెగటివ్ ఎక్కడైనా ఉంటుందా సార్? ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వాళ్లు 1989లో 2,857 గాజు ప్లేట్లు కొన్నారని చదివాను.

కాజీపేట_స్టూడియో:

నిజమే, కొన్నారు. అవి మిగిలిన భాగ్యం. 2006లో ఆయన మీద తపాలా బిళ్ల కూడా వేశారు. కానీ ఆ కంపెనీ తీసినవాటితో పోలిస్తే అది కొంచెమే. పెద్దాయన పోయాక వ్యాపారం తగ్గుతూ వచ్చింది, ప్లేట్లు చెదిరిపోయాయి. గాజు ప్లేటంటే బరువు, జాగా పడుతుంది, పైగా పగులుతుంది. మా దగ్గరే పాత ప్లేట్లకున్న మందు వేడినీళ్లతో గీకి, ఫొటో ఫ్రేములకి అద్దాలుగా వాడేశారు. ఎవరి ముఖాలో చూసి గీకినవాళ్లు లేరు. కాబట్టి మీ నెగటివ్ మీద ఆశ పెట్టుకోకండమ్మా, చేతిలో ఉన్న ప్రింటే మీ ఆస్తి.

దాన్ని యాసిడ్ లేని కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టండి. బాత్రూమ్ గోడకి ఆనుకుని ఉన్న బీరువాలో వద్దు, చెమ్మ ఎక్కుతుంది. కలరా ఉండలు పక్కన వేయొద్దు. హాల్లో తగిలించాలని మామయ్య గారు ముచ్చటపడితే స్కాన్ నుంచి మంచి కాపీ తీయించి, అది ఫ్రేము కట్టించండి.

సంవత్సరం తేలాలంటే బాబు పుట్టిన ఏడు పట్టుకోండి. మీ అమ్మమ్మ గారు ఉండగానే అడగండి. జాతకం, స్కూలు సర్టిఫికెట్, ఏదైనా సరే.

అమ్మమ్మ_మనవరాలు:

దొరికింది సార్! వాళ్ల నాన్నది ఖర నామ సంవత్సరం అని అమ్మమ్మకి నోటికే వచ్చు. ఒక పాత ఉర్దూ సర్టిఫికెట్ ఉంటే పక్కింటి అంకుల్‌తో చదివించాం, అందులో పుట్టిన సంవత్సరం 1301 అని ఉందట. 1301 ఏంటి సార్, కాకతీయుల కాలమా?

కాజీపేట_స్టూడియో:

అది ఫసలీ అమ్మా, పంటల లెక్కకి పెట్టుకున్న ఏడాది. నిజాం సర్కారు లెక్కలన్నీ ఫసలీలోనే. 590 కలుపుకోండి, 1891 వస్తుంది. ఫసలీ ఏడాది అక్టోబర్‌లో మొదలవుతుంది కాబట్టి 1891 అక్టోబర్ నుంచి 92 అక్టోబర్ లోపు. ఖర నామ సంవత్సరం 1891 ఉగాది నుంచి 92 ఉగాది దాకా. రెండూ కలిసేది 1891 అక్టోబర్‌కీ 92 ఉగాదికీ మధ్య. అంటే ఆయన ఆ చలికాలంలో పుట్టారు. ఇంట్లో మాట, సర్టిఫికెట్ ఇంత చక్కగా కలవడం అరుదు.

ఫొటోలో ఏడెనిమిదేళ్లు అనుకుంటే 1899, 1900. బొంబాయి పేరున్న అట్టతో సరిగ్గా సరిపోయింది. అప్పటికి దీన్‌దయాళ్ గారూ ఉన్నారు, ఇద్దరు కొడుకులూ ఉన్నారు. ఒక కాగితం మీద పెన్సిల్‌తో ఇలా రాసి ఆ పెట్టెలో పెట్టండి: ఇద్దరి పేర్లు, చుట్టరికం, "రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ తీసినది, సికింద్రాబాద్ స్టూడియో కావచ్చు, సుమారు 1900". ఫొటో వెనక రాయకండి. పెన్నుతో అసలే వద్దు.

అమ్మమ్మ_మనవరాలు:

రాసి పెట్టేశాను సార్. మామయ్య ఇప్పుడు "అమ్మితే ఎంతొస్తుందో అడుగు" అంటున్నాడు.

కాజీపేట_స్టూడియో:

పాత ఫొటోలు, కార్డులు అమ్మే దుకాణాల్లో క్యాబినెట్ ఫొటోలు చాలా తిరుగుతుంటాయి. పేరు తెలియని మనుషులవైతే పెద్దగా రాదు. మామయ్య గారికి లామినేషన్ ఖర్చు మిగిలింది కదా, దానితో సరిపెట్టుకోమనండి.